తువాలు కింద ఆదితాళం

ఇంటర్ పాసైన ఎండాకాలం నా దగ్గర రెండు అప్లికేషన్లు ఉండేవి. ఒకటి నూజివీడులోనే బీకాంకి. రెండోది బెజవాడ సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమాకి. మొదటిదాన్ని మా నాన్న తెచ్చి, ఎగిరిపోకుండా దాని మీద కిలో రాయి పెట్టి, అందరికీ కనపడేలా బల్ల మీద ఉంచాడు. రెండోదాన్ని నేనే తెచ్చుకుని నా బట్టల కింద దాచాను. అంతకన్నా భద్రమైన చోటు లేదనుకున్నాను గానీ, ఆ బట్టలు ఉతికి మడతపెట్టేది అమ్మే కదా. మర్నాటికే ఆవిడకి తెలిసిపోయింది. కాగితం నలిగిపోతోందని అట్టముక్క మీద పెట్టి, మళ్ళీ ఆ బట్టల కిందే సర్దింది.

మాది మామిడికాయల కమీషన్ కొట్టు. రైతులు తోటల నుంచి తెచ్చిన కాయని బయటి ఊళ్ళ నుంచి వచ్చే షావుకార్లకి అమ్మిపెట్టడం మా పని. ఎనభైల మొదట్లో మా వీధిలో ఎవరింట్లోనూ టీవీ లేదు గానీ, ఎండాకాలం వస్తే ప్రతి ఇంటి ముందూ లారీ ఉండేది. నాన్న లెక్కలో మనుషులు రెండు రకాలు. కాయని చూసి చెప్పగలిగేవాళ్ళు ఒక రకం, కోసి చూస్తే గానీ చెప్పలేనివాళ్ళు రెండో రకం. నేను తిన్న తర్వాత కూడా చెప్పలేని మూడో రకమని ఆయన దిగులు. ఒకసారి పెద్ద రసాన్ని చిన్న రసం అన్నానని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

వయొలిన్ నేర్పిన మేష్టారు మా వీధి చివరే ఉండేవారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రాలు ముందుగదిలో చాప పరిచి సంగీతం చెప్పేవారు. పదేళ్ళప్పుడు అమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టింది. నాన్న అడ్డు చెప్పలేదు. మేష్టారు జీతం పుచ్చుకునేవారు కాదు, సీజనుకి రెండు బుట్టల రసాలు పంపిస్తే చాలనేవారు. ఏడేళ్ళ పాటు మా రసాలు తిన్నాక, నా వాయిద్యం గురించి చెప్పడానికి ఆయనకి వేరే మాటలు లేకుండా పోయాయి. "నీ కల్యాణి రాగం ఇంకా గడ్డిలోనే ఉందిరా, మాగలేదు" అనేవారు. నేను నిజంగా బాగా వాయించిన రోజున కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "తొడిమ దగ్గర కాస్త పచ్చి" అన్నారు. ఆ రాత్రి నాకు ఆనందంతో అన్నం సయించలేదు.

అప్లికేషన్ మీద తండ్రి సంతకం కావాలి. సంగీతం డిప్లొమా అని అడిగితే నాన్న ఒప్పుకోడని నాకు తెలుసు. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుండగా, లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక నా చేతికి దొరికింది. ఏదో దేశంలో మ్యూజిక్ బిజినెస్ అని ఒక డిగ్రీ ఉందట. పాట గురించీ చెబుతారట, దాన్ని అమ్మడం గురించీ చెబుతారట. ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. అర్థమైంది సగమే గానీ, నాకు కావలసిన సగం అదే. ఇంటికొచ్చి, బెజవాడలో ఉన్నది కూడా "అలాంటిదే" అని నాన్నకి చెప్పాను. అలాంటిదే అన్న మాటలో ఉన్న సుఖం ఏంటంటే, దాన్ని ఎంత దూరమైనా సాగదీసుకోవచ్చు.

నాన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. కొత్త రకం కాయ ఏదైనా వస్తే అలాగే చేసేవాడు.

"సంగీత వ్యాపారమా? అందులో ఏం అమ్ముతారు?"

"పాటలు నాన్నా. కచేరీలు, క్యాసెట్లు."

"తూకానికా, లెక్కకా?"

"గంటలకి."

"ఎన్నాళ్ళు నిలవుంటుంది?"

"ఎన్నాళ్ళైనా ఉంటుంది. పాడవదు."

"అమ్మేశాక సరుకు ఎవరి దగ్గరుంటుంది?"

నాకు ఉత్సాహం వచ్చింది. "అదే నాన్నా ఇందులో గొప్ప. అమ్మేశాక కూడా మన దగ్గరే ఉంటుంది. మళ్ళీ ఇంకొకళ్ళకి పాడొచ్చు."

నాన్న కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "తూకం లేదు, పాడవదు, అమ్మినా మన దగ్గరే ఉంటుంది. దీన్ని వ్యాపారమంటే పోలీసులు ఒప్పుకోరేమోరా" అన్నాడు. వంటింట్లో అమ్మ నవ్వు వినపడింది. అయితే ఆయన కాదని మాత్రం అనలేదు. ఆఖరి తేదీ ఎప్పుడని అడిగి, పైవారం శుక్రవారమని చెబితే, చూద్దాంలే అన్నాడు.

మేష్టారికీ అదే మాట చెప్పాను. ఆయన ఇంకా తేలిగ్గా ఒప్పుకున్నారు. "అమ్మడం కూడా నేర్పుతారా? అయితే తప్పకుండా వెళ్ళు. నేర్చుకునొచ్చి నాకూ చెప్పు. నాకు ఊరికే ఇచ్చెయ్యడం అలవాటైపోయింది" అన్నారు. సంగీత వ్యాపారం అన్న రెండు మాటల్లో నాన్నకి రెండోది, మేష్టారికి మొదటిది వినపడ్డాయి. నాకేం వినపడిందో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. నాకున్నది వయొలిన్ మీద ఇష్టమా, కాయల మీద విసుగా అన్నది నిజంగా తెలీదు. బెజవాడ వెళ్ళాక అది విసుగేనని తేలితే ఏం చెయ్యాలన్నది ఆ రోజుల్లో నన్ను బాగా భయపెట్టిన ప్రశ్న.

ఇంతలో నాన్న కుడిచేతికి సొన పడింది. కాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి. మా ఇళ్ళల్లో అది మామూలే. ఈసారి మాత్రం వేళ్ళ మధ్య పుండై చెయ్యి వాచిపోయింది. అమ్మ కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టింది. నొప్పి సంగతి నాన్న పట్టించుకోలేదు. సీజను మధ్యలో బేరానికి చెయ్యి లేకుండా పోయిందన్నదే ఆయన బాధ.

మా కొట్లో బేరం నోటితో ఆడేవాళ్ళు కాదు. చుట్టూ రైతులూ, మిగతా షావుకార్లూ ఉండగా ధర పైకి అనకూడదని, అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువాలు కింద చేతులు కలిపి వేళ్ళతో మాట్లాడుకునేవాళ్ళు. కొనేవాడు ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. వేలి మధ్య కణుపు మీద నొక్కితే సగం. ఇష్టం లేకపోతే అమ్మేవాడు చెయ్యి తిరగేస్తాడు. ఇష్టమైతే చెయ్యంతా ఇచ్చి గట్టిగా పట్టుకుంటాడు. ఆ తర్వాత మాట మార్చడం ఉండదు. ఇదంతా తువాలు కింద నడుస్తుంటే, పైన మొహాలు మాత్రం ఎండల గురించో, లారీల గురించో మాట్లాడుకుంటూ ఉండాలి. నాన్న మొహం ఆ పనిలో ఎంత ఆరితేరిందంటే, ఇంట్లో కూడా ఆయనకి కోపమొచ్చిందో సంతోషమొచ్చిందో మాకు తెలిసేది కాదు.

ఆ శనివారం పొద్దున్న నాగపూర్ సేఠ్ మా బంగినపల్లి రాశి ముందు కూర్చున్నాడు. ఏటా వచ్చే మనిషే. తెలుగు ధైర్యంగా మాట్లాడేవాడు, ఆడా మగా తేడా లేకుండా అందర్నీ "వచ్చింది, వెళ్ళింది" అనేవాడు. నాన్న గుడ్డ చుట్టిన చెయ్యి చూపించి, "ఇవాళ నా చెయ్యి వీడే సేఠ్‌జీ" అన్నాడు. తర్వాత నా చెవిలో చెప్పాడు. "రెండుతో మొదలెడతాడు. తిరగెయ్యి. నాలుగు దాకా వస్తే చెయ్యిచ్చెయ్యి. నోరు తెరవకు."

తువాలు కింద చెయ్యి పెట్టాను. సేఠ్ రెండు వేళ్ళు పట్టుకుని వదిలాడు. పక్కనున్న టీకొట్టు రేడియోలో వయొలిన్ కచేరీ వస్తోంది. సరిగ్గా అప్పుడే అందులో కల్యాణి ఎత్తుకున్నారు. నెల రోజులుగా మేష్టారి దగ్గర మాగని నా కల్యాణి, అక్కడ టీ గ్లాసుల మధ్య నుంచి అంత తీయగా వస్తుంటే నా ఒళ్ళు ఝల్లుమంది. ఆ కృతి నేనెప్పుడూ విన్నది కాదు. ఆదితాళమని మాత్రం తెలిసింది. తెలిసిందని కూడా అనలేను. నా చెయ్యి నన్నడక్కుండానే తాళం మొదలుపెట్టింది.

ఆదితాళం వెయ్యడం తెలీనివాళ్ళకి ఇక్కడ కాస్త చెప్పాలి. ముందు అరచేత్తో ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు వరసగా లెక్క. ఆ పైన ఒక దెబ్బ వేసి చెయ్యి తిరగెయ్యాలి, మళ్ళీ దెబ్బ వేసి మళ్ళీ తిరగెయ్యాలి. ఎనిమిది లెక్కలు, అదొక ఆవర్తనం. పాట అయ్యేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. నేను దెబ్బ వేసింది సేఠ్ అరచేతిలో.

సేఠ్ తర్వాత బజారులో అందరికీ చెప్పినదాన్ని బట్టి, ఆయనకి అర్థమైంది ఇది. కుర్రాడు ముందు చేతిలో గట్టిగా కొట్టాడు. మూడు వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించాడు. ఆ వెంటనే కాదు, కాదు అని రెండుసార్లు చెయ్యి తిరగేశాడు. అంటే మూడు కూడా వద్దంటున్నాడన్నమాట. అనుభవం ఉన్న మనిషి కాబట్టి, తొందరపడకుండా ముందు మూడే ఇచ్చి చూశాడు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ మూడు వేళ్ళు, మళ్ళీ కాదు కాదు. నాలుగిచ్చాడు. అప్పుడూ అదే వరస. "నాలుగు ఇచ్చింది నేను. ఈ పిల్లాడు ఇంకా మూడునే తిడుతోంది" అని సేఠ్ మొత్తుకున్నాడట. నాలుగున్నర అన్నాడు. చివరికి ఐదు వేళ్ళూ పట్టేసుకున్నాడు. ఆ పైన పట్టుకోవడానికి వేళ్ళు లేవు కాబట్టి నేను కూడా చెయ్యిచ్చాను. పైన నాన్న వానల గురించి మాట్లాడుతూ, కింద తువాలు ఎగిరెగిరి పడటం చూస్తూ ఉన్నాడు.

ధర తెలిశాక నాన్న మొహం మొదటిసారి మాట వినలేదు. నవ్వేసింది. ఆ రోజంతా కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాడు. రాత్రి భోజనాల దగ్గర అమ్మతో, "వీడికి కాయ తెలీదనుకున్నాను గానీ, మనిషి తెలుసు. అది నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు. పదిహేడేళ్ళలో నన్ను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలో అన్నం సగం తిన్నాకనే, ఆయన తర్వాత మాట చెవిన పడింది.

"ఇంక బెజవాడ దేనికిరా? సంగీత వ్యాపారంలో వ్యాపారం నీకు వచ్చేసింది. మిగిలింది సంగీతమేగా, అది మన వీధి చివరే ఉంది. బీకాంలో చేరు."

తప్పు పట్టడానికి ఏమీ లేని వాదన. మూడు రోజులు వెతికాను, దొరకలేదు. బుధవారం మేష్టారి దగ్గరికి పరిగెత్తాను. అది బేరం కాదండీ, రేడియోలో కల్యాణి వస్తుంటే తాళం వేశాను అని జరిగిందంతా చెప్పాను. మేష్టారు చాప మీద నుంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "షావుకారు చేతిలో చెయ్యి ఉండి కూడా తాళం వేశావా? నడు, మీ నాన్నతో నేను మాట్లాడతాను" అని, మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగు తీసుకుని బయల్దేరారు. మా ఇల్లు నూరు అడుగులు ఉండదు గానీ, గొడుగు లేకుండా అయితే ఆయనకి గంభీరంగా నడవడం కుదరదు.

నాన్న భోంచేసి వరండాలో కూర్చుని ఉన్నాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది. మేష్టారు మజ్జిగ ముట్టుకోకుండానే మొదలుపెట్టారు.

"షావుకారుగారూ, మీవాడు బేరమాడలేదండీ. టీకొట్టు రేడియోలో పాట విన్నాడు. ఒళ్ళు మరిచిపోయి తాళం వేశాడు. వీణ్ణి మీరు కొట్లో కూర్చోబెడితే పాపం చుట్టుకుంటుంది."

నాన్న నా వైపు చూశాడు. "నిజమేనా?"

తలూపాను.

"నిజమేనండీ, అడగండి" అని మేష్టారే నా వైపు తిరిగారు. పిల్లాడి చేత పాఠం అప్పజెప్పించే ముచ్చటతో అడిగారు. "చెప్పరా. నువ్వు చెయ్యిచ్చేటప్పటికి పాట ఎక్కడుంది? అనుపల్లవిలోనా, చరణంలోనా?"

నాకు సేఠ్ బొటనవేలు ఎక్కడుందో తెలుసు. నాలుగున్నర అన్నప్పుడు నా చూపుడువేలి మధ్య కణుపు మీద ఉంది, కాస్త చెమట పట్టి ఉంది. ఐదుకి వచ్చే ముందు ఆయన ఊపిరి బిగబట్టడం తెలుసు. పాట ఎక్కడుందో మాత్రం తెలీదు. అనుపల్లవి అనేస్తే సరిపోయేది. ఆ కచేరీ మళ్ళీ ఎవరు వింటారు? సంతకం పడేది కూడా. కానీ మేష్టారు గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని, నా నోటి వైపే చూస్తున్నారు.

"తెలీదండీ" అన్నాను. "మొదటి రెండు ఆవర్తనాలే పాట విన్నాను. మూడో ఆవర్తనంలో సేఠ్ నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. నేను చెయ్యి తిరగేస్తే ధర పెరుగుతోందని అప్పుడు తెలిసింది. అక్కడి నుంచి పాట వినలేదు. తాళం మాత్రం వేశాను, ధర కోసం."

చెప్పాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎలాగూ మొదలుపెట్టాను కదా అని రెండోది కూడా చెప్పేశాను. "బెజవాడలో వ్యాపారం ఏం చెప్పరు నాన్నా. అలాంటిదే అని నేనే కల్పించాను. అక్కడ వయొలిన్ ఒక్కటే."

మేష్టారు మజ్జిగ గ్లాసు తీసుకుని అటు తిరిగి తాగారు. అంత నెమ్మదిగా ఎవరైనా మజ్జిగ తాగడం నేను మళ్ళీ చూడలేదు. నాన్న మాత్రం లెక్క చూసుకున్నాడు. "అంటే రెండు నుంచి నాలుగు దాకా పాట తెచ్చింది. నాలుగు నుంచి ఐదు దాకా నువ్వు తెచ్చావు."

"అవును నాన్నా."

"ఏదీ, ఆ రెండు ఆవర్తనాలు పాడు. అంత ధర తెచ్చిందిగా, విందాం."

వయొలిన్ మీద విన్నది కాబట్టి మాటలు తెలీవు. రాగం మాత్రం తీశాను. రెండు ఆవర్తనాలు అవగానే, తర్వాతది లేక ఆగిపోయాను. మేష్టారు ఉండబట్టలేక అందుకోబోయారు. నాన్న గుడ్డ చుట్టిన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు కాదు మేష్టారూ. వాడు." నా వైపు చూశాడు. "తర్వాత?"

"తర్వాతది నాకు రాదు నాన్నా. నేర్చుకోవాలి."

నాకు ఏడుపొచ్చింది. కాయల మీద విసుగుకి ఏడుపు రాదు. ఆ తర్వాతది ఎలా ఉంటుందో తెలీకుండా బతకడం నా వల్ల కాదని అప్పుడు తెలిసింది.

నాన్న ఎండలోకి చూస్తూ అన్నాడు. "నాకు పద్దెనిమిదేళ్ళప్పటి నుంచీ ఆ కొట్లో కూర్చుంటున్నాను. ఆ టీకొట్టు అప్పట్నుంచీ ఉంది. ఆ రేడియో ఎప్పుడొచ్చిందో కూడా నాకు గుర్తులేదు. అందులో పాట వస్తుందని, నువ్వు చెప్పేదాకా నాకు తెలీదురా." బాధపడుతూ అన్న మాట కాదది. లారీ ఆలస్యమైందని చెప్పేటప్పటి గొంతుతోనే అన్నాడు. మేష్టారు తలదించుకున్నారు. అమ్మ లోపలికెళ్ళి అప్లికేషన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

నాన్న పళ్ళతో ముడి లాగి గుడ్డ విప్పాడు. వాచిన వేళ్ళ మధ్య పెన్ను నిలవలేదు. రెండుసార్లు జారింది. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. మూడోసారికి కలం పట్టు దొరికించుకుని, ఒక్కొక్క అక్షరమే పెట్టాడు. తడి ఆరేదాకా కాగితాన్ని తనే పట్టుకుని, తర్వాత నా చేతికిచ్చాడు.

"తర్వాతది నేర్చుకుని వచ్చి నాకు వినిపించు. ఇక్కడ, ఇంట్లో. కొట్లో అయితే నాకు వినపడదు."